నూటపదునేడవ మూలకము

ఉన్నత పాఠశాలలలో విజ్ఞానశాస్త్రము బోధించు గదిగోడపై మూలకముల పట్టిక వ్రేలాడుచుండును. అది ఢిల్లీ నగరమందలి పాఠశాలయైనను, పల్నాటి సీమలోని ఈపూరు పాఠశాలయైనను పట్టిక యొక్కటే. దానిలో నేడు 118 గడులు కలవు. మొదటి గడిలో గాలికంటె తేలికయైన ఉదజని యున్నది. ఇనుము, రాగి, వెండి, బంగారము మున్నగు తెలిసిన పేర్లు నడుమ నున్నవి. కడపటి గడులలోని పేర్లు మాత్రము వినుటకు వింతగా నుండును. వానిలో 117వ గడియందున్న మూలకము పేరు టెన్నెస్సీన్. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెన్నెసీ రాష్ట్రమునుబట్టి దానికా పేరు కలిగినది.

ఆ గడి చిరకాలము శూన్యముగా నుండెను. దానిని నింపుటకు పాటుపడిన శాస్త్రజ్ఞులలో ఒకరు ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదువుకొన్న తెలుగువారు. వారే ఆచార్య ఆకునూరి రామయ్యగారు. వారి కృషిని తెలిసికొనవలెనన్నచో, మూలకమనగా నేమో, క్రొత్త మూలకమును కనుగొనుట యెందుకంత కష్టమో ముందుగా తెలియవలెను.

బంగారమును ఎన్ని ముక్కలుగా ఖండించినను ప్రతి ముక్కయు బంగారమే. అట్లు ఖండించుచు పోగా పోగా, బంగారపు గుణమును విడువక మిగిలెడు కడపటి కణమునకు పరమాణువని పేరు. పరమాణువు నడుమ మిక్కిలి చిన్నదైన కేంద్రకము కలదు. ప్రోటానులు, న్యూట్రానులు అను రెండు విధములైన కణములు కేంద్రకమున కూడియుండును. ప్రోటానుల సంఖ్యయే మూలకమునకు గుర్తు. 79 ప్రోటానులున్నచో అది బంగారము. ఒక్క ప్రోటాను హెచ్చి 80 అయినచో అది బంగారము కాదు. అరచేత నిలువక జారిపోవు పాదరసము. కావున 117వ మూలకమనగా కేంద్రకమున 117 ప్రోటానులున్న మూలకమని యర్థము.

అయినచో ప్రోటానులను ఒకదానికొకటి చేర్చుచు పోయి, కోరినన్ని మూలకములను ఏల చేయరాదు? ఇందులకొక యడ్డంకి కలదు. ప్రోటానులన్నియు ధనవిద్యుత్తు గలవి. అవి ఒకదాని నొకటి దూరముగా నెట్టుచుండును. వానిని కట్టియుంచు కేంద్రక బలము మిక్కిలి గట్టిదే కాని, దగ్గర నున్న కణములకు తప్ప దూరపు కణములకు అది అందదు. గడ్డివామిని ఎత్తుగా వేసినకొలది అది జారిపడు భయము హెచ్చును గదా! కేంద్రకము సంగతియు నట్టిదే. అది పెద్దదైనకొలది దాని నిలుకడ తగ్గును. భూమిలో విరివిగా దొరకు మూలకములలో మిక్కిలి బరువైనది 92 ప్రోటానులు గల యురేనియము. దానికి పైబడిన నెప్ట్యూనియము, ప్లుటోనియములను శాస్త్రజ్ఞులు 1940వ సంవత్సరము మొదలుకొని ప్రయోగశాలలలో సృష్టించిరి. తరువాత ఒక్కొక్క మూలకమే చేరుచు వచ్చెను. కాని సంఖ్య నూరు దాటిన పిదప వాని ఆయుర్దాయము నిమిషములకును, సెకనులకును, సెకనులో స్వల్ప భాగమునకును దిగిపోయెను.

ఇట్లుండగా 1960వ దశాబ్దమున సిద్ధాంతవేత్తలొక వింత లెక్క వేసిరి. ప్రోటానులు 114, న్యూట్రానులు 184 వరకు చేరినచోట కేంద్రకములకు మరల నిలుకడ కలుగవచ్చునని వారు చెప్పిరి. అలలు కొట్టుచున్న సముద్రము నడుమ ఒక దీవి యున్నట్లుగా, నిలుకడలేని కేంద్రకముల నడుమ నిలుకడగల కేంద్రకముల సమూహమొకటి యుండునని భావించి, దానికి "స్థిరత్వ ద్వీప"మని పేరిడిరి. ఆ దీవి నిజముగా నున్నదా, లేక లెక్కలలో మాత్రమే యున్నదా? తేల్చుకొనుటకు ఒకటే మార్గము. అతిభారమైన మూలకములను చేసి చూడవలెను.

రామయ్యగారు విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున విద్యనభ్యసించి ఎం.యస్సి. పట్టము నందిరి. హిమాలయములలో తపస్సు చేసి, పిదప ఐరోపాలో భౌతికశాస్త్రమభ్యసించిన స్వామి జ్ఞానానందులు పరమాణు కేంద్రక పరిశోధనకు నెలవు కల్పించినది ఆ విశ్వవిద్యాలయముననే. రామయ్యగారు పైచదువులకై అమెరికా వెళ్ళి, 1964వ సంవత్సరమున ఇండియానా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందిరి. టెన్నెసీ రాష్ట్రమున నాష్‌విల్ నగరములోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, తమ పరిశోధన జీవితమును అచ్చటనే గడిపిరి. అందు జోసెఫ్ హామిల్టన్ అను ఆచార్యుడు వారికి సహచరుడు. వీరిరువురి చెలిమి, కలసి చేసిన కృషి దశాబ్దముల తరబడి సాగెను.

కేంద్రకమును కంటితో చూచుట అసాధ్యము. అయినను దాని రూపమును తెలిసికొను ఉపాయమొకటి కలదు. కలత చెందిన కేంద్రకము శాంతించునప్పుడు గామా కిరణములను వెలువరించును. ఏ కిరణమునకు ఎంత శక్తి యున్నది, ఏ కిరణము వెంట ఏ కిరణము వచ్చినది అను విషయములను కొలిచి, కూర్చి, కేంద్రకమెట్లున్నదో నిర్ణయింపవచ్చును. కుమ్మరి కుండను తట్టి, వచ్చిన ధ్వనినిబట్టి పగులున్నదో లేదో చెప్పును గదా! ఇదియు నట్టిదే. రామయ్యగారు ఈ విద్యలో ఆరితేరిరి. 1974వ సంవత్సరమున హామిల్టన్, రామయ్య మున్నగువారు సెలీనియము-72 అను కేంద్రకమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. ఒకే కేంద్రకము ఒక స్థితిలో బంతివలె గుండ్రముగాను, మరియొక స్థితిలో సాగిన రూపముతోను ఉండగలదనుటకు అందు నిదర్శనము చూపిరి. కేంద్రకమునకు ఒకే ఆకారముండునను తలంపు దీనితో సడలెను.

బరువైన కేంద్రకములు తమంతట తామే రెండుగా చీలుటను స్వయంవిచ్ఛిత్తి యందురు. కాలిఫోర్నియము-252 అను పదార్థమున ఇది నిరంతరము జరుగుచుండును. ఆ చీలికలో వెలువడు గామా కిరణములను, నూరింటికి సమీపమైన గ్రాహకములు గల గామాస్ఫియర్ అను మహాయంత్రముతో పట్టి రామయ్యగారును వారి సహచరులును పరిశీలించిరి. కేంద్రకము ఒక్కొక్కప్పుడు రెండుగా గాక మూడు ముక్కలగుట కలదు. అట్టి చీలికలో బెరిలియము-10 అను చిన్న కేంద్రకము వెలువడుటను 1998వ సంవత్సరమున వారు ప్రకటించిరి. ఆ వ్యాసమున మొదటి పేరు రామయ్యగారిదే. బరువైన కేంద్రకములు ఎట్లు పగులునో యేండ్ల తరబడి పరిశీలించిన యీ పండితుడే, అవి ఎంతవరకు పెరుగగలవో చూడబూనిన బృందములోను చేరెను.

రష్యాదేశమున ఓల్గా నదీతీరమందు దుబ్నా అను పట్టణము కలదు. అచ్చటి కేంద్రక పరిశోధన సంస్థలో యూరి ఒగనెస్సియన్ అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున అతిభారమూలకముల అన్వేషణ సాగుచుండెను. వారి విధానము చెప్పుటకు సులభము. కాల్షియమునకు 20 ప్రోటానులు కలవు. దానిని మహావేగముతో మరియొక బరువైన మూలకముపై ప్రయోగించవలెను. రెండు కేంద్రకములు తాకి, కలసి, ఒకటైనచో రెండింటి ప్రోటానులు చేరి క్రొత్త మూలకమగును. ఈ విధముగా 114, 115, 116, 118 సంఖ్యల మూలకములు లభించెను. నడుమ 117 మాత్రము మిగిలిపోయెను. ఏలయన 20కి 97 చేర్చిననే గాని 117 కాదు. 97వ మూలకమైన బెర్కీలియము మిక్కిలి దుర్లభము.

ఇచ్చట పల్నాటి బాలబాలికలు గమనింపదగిన విషయమొకటి కలదు. కాల్షియము వారికి క్రొత్తది కాదు. గురజాల, మాచెర్ల ప్రాంతముల సున్నపురాతిలో నున్నది ఆ కాల్షియమే. పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చిన సున్నమునందును, పండుగనాడు ఇంటిగోడకు కొట్టిన వెల్లయందును, పెద్దలు తమలపాకునకు రాచుకొను సున్నమునందును అదియే యున్నది. అయితే దుబ్నాలో కావలసినది కాల్షియము-48 అను ప్రత్యేకమైన రకము. దానిలో 20 ప్రోటానులకు తోడు 28 న్యూట్రానులుండును. సహజమైన కాల్షియమున వేయి పరమాణువులను లెక్కించినచో ఈ రకమువి రెండైనను నిండుగా లేవు. ఈపూరు గోడల సున్నమునందును అవి ఆ పాలుననే కలవు. వానిని వేరుచేయుట మాత్రము మిక్కిలి ప్రయాసతోను, వ్యయముతోను కూడిన పని.

బెర్కీలియము సంగతి అంతకంటె కష్టము. దానిని తగినంత చేయగల రియాక్టరు టెన్నెసీ రాష్ట్రమందలి ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో నుండెను. అచ్చట కాలిఫోర్నియమును తయారుచేయునప్పుడు బెర్కీలియము ఉపఫలముగా లభించును. ఒగనెస్సియన్‌కు ఓక్ రిడ్జ్ వారితో పొత్తు కుదురుటకు తోడ్పడినది వాండర్‌బిల్ట్‌కు చెందిన హామిల్టన్. ఒకనాడు పరస్పరము అనుమానముతో చూచుకొన్న రెండు దేశముల శాస్త్రజ్ఞులు ఒకే పనికై చేతులు కలిపిరి.

రియాక్టరులో 250 దినములు పదార్థమును న్యూట్రానుల తాకిడికి గురిచేసిరి. తరువాత 90 దినములు శ్రమించి బెర్కీలియమును వేరుచేసి శుద్ధిచేసిరి. ఇంత పాటునకు ఫలముగా లభించినది 22 మిల్లీగ్రాములు. అనగా సుమారొక బియ్యపుగింజ యెత్తు! ఆ గింజయైనను నిలుచునది కాదు. పదకొండు నెలలు గడచునప్పటికి దానిలో సగము క్షయించి మరియొక మూలకముగా మారిపోవును. కావున ప్రతి దినమును విలువైనదే.

2009వ సంవత్సరమున ఆ పదార్థమును సీసపు పెట్టెలలో నుంచి విమానముపై రష్యాకు పంపిరి. పత్రములు సరిగా లేవని అచ్చటి సుంకపు అధికారులు దానిని త్రిప్పి పంపిరి. పత్రములు సవరించి మరల పంపగా మరల త్రిప్పి పంపిరి. ఇట్లు రాకపోకలలో అది అట్లాంటిక్ మహాసముద్రమును ఐదుసార్లు దాటవలసివచ్చెను. దారిలోను అది క్షయించుట మానదు గదా! తుదకది రష్యా చేరినది. దిమిత్రోవ్‌గ్రాద్ పట్టణమందలి పరిశోధన సంస్థవారు దానిని పలుచని టైటానియపు రేకులపై పూతగా పూసి దుబ్నాకు పంపిరి.

ఆ యేడు జూలై నెలలో ప్రయోగము మొదలయ్యెను. సైక్లోట్రాన్ అను యంత్రము కాల్షియము-48 కేంద్రకములను సెకనుకు సుమారు 30,000 కిలోమీటర్ల వేగమునకు తెచ్చి, గిరగిర తిరుగు చక్రముపైనున్న బెర్కీలియముపై ప్రయోగించుచుండెను. ప్రతి సెకనునకును లక్షల కోట్ల కేంద్రకములు! వానిలో దాదాపు అన్నియు వృథాగా పోవును. తాకినవానిలోను కలసినవి అరుదు. కలసినవానిలోను పగులక మిగిలినవి మరింత అరుదు. రేయింబవళ్ళు ఈ ప్రయోగము 150 దినములు సాగెను. చివరకు చిక్కినవి ఆరు పరమాణువులు. ఐదు ఒక రకమువి, ఒకటి మరియొక రకముది.

ఆరు పరమాణువులను ఎవరైనను చూచిరా? చూడలేదు. కనురెప్ప మూసి తెరచునంతలో అవి రూపుమాసెను. కాని అవి పోవుచు జాడలు విడిచెను. 117వ మూలకము ఒక ఆల్ఫా కణమును వెలువరించినచో దానికి రెండు ప్రోటానులు తగ్గి అది 115వ మూలకమగును. అది మరియొక కణమును విడిచి 113వ మూలకమగును. ఇట్లు మెట్టుమెట్టుగా దిగి తుదకు అది చీలిపోవును. ఏ మెట్టువద్ద ఎంత శక్తి వెలువడినది, ఎంతసేపు నిలిచినది అను లెక్కలను గ్రాహకములు నమోదుచేసెను. ఆ లెక్కలనుబట్టియే శాస్త్రజ్ఞులు వంశవృక్షమును వ్రాసినట్లు వెనుకకు నడచి, మూలపురుషుడు 117వ మూలకమేయని నిశ్చయించిరి.

2010వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఈ వార్త లోకమునకు వెల్లడియయ్యెను. దానిని ప్రకటించిన వ్యాసమున 33 మంది పేర్లున్నవి. మొదట ఒగనెస్సియన్ పేరు, ఆ తరువాత మిగిలినవారి పేర్లు అక్షరక్రమమున వచ్చినవి. ఆ వరుసలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమునకు చెందిన హామిల్టన్, రామయ్యల పేర్లు రెండును కలవు.

వార్త వెలువడినంత మాత్రమున పట్టికలో గడి నిండదు. ఇట్టి జాగరూకతకు కారణము లేకపోలేదు. 1999వ సంవత్సరమున అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాలవారు 118వ మూలకమును కనుగొంటిమని ప్రకటించిరి. ఇతరులు ఆ ప్రయోగమును చేసి చూడగా ఏమియు కనబడలేదు. బర్క్‌లీవారే మరల చేసినను కనబడలేదు. పాత లెక్కలను విచారించగా, బృందములోని ఒకరు లేనిదానిని ఉన్నట్లుగా వ్రాసినారని తేలెను. ప్రయోగశాలవారు తమ ప్రకటనను ఉపసంహరించుకొనిరి. కంటికి కనబడని వస్తువును గూర్చి చెప్పునప్పుడు లెక్క వ్రాయువాని నిజాయితియే మొదటి సాధనమని శాస్త్రలోకము నాడు మరల తెలిసికొనెను.

కావున 117వ మూలకమును గూడ పలుమారులు పరీక్షించిరి. దుబ్నాలో మరల ప్రయోగములు చేసిరి. 2014వ సంవత్సరమున జర్మనీదేశమందలి డార్మ్‌స్టాట్ ప్రయోగశాలవారు వేరుగా ప్రయోగము చేసి అది నిజమని సమర్థించిరి. 2015వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘము ఆ మూలకమును గుర్తించెను. 2016వ సంవత్సరము నవంబరు 28వ తేదీన టెన్నెస్సీన్ అను పేరు స్థిరపడెను. ఓక్ రిడ్జ్ ప్రయోగశాల, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయము, టెన్నెసీ విశ్వవిద్యాలయము అతిభారమూలకముల పరిశోధనకు చేసిన సేవను ఆ పేరు స్మరింపజేయుచున్నది. అదే దినమున 118వ మూలకమునకు ఒగనెస్సియన్ గౌరవార్థము ఒగనెస్సాన్ అని పేరు పెట్టిరి.

ఆరు పరమాణువులతో ఎవరికేమి లాభమని కొందరడుగవచ్చును. వానితో ఉంగరము చేయింపలేము, దీపము వెలిగింపలేము. కాని వాని జాడలు పూర్వమడిగిన ప్రశ్నకు ఉత్తరము చెప్పినవి. న్యూట్రానులు హెచ్చుగానున్న కేంద్రకములు, తక్కువగానున్నవానికంటె ఎక్కువసేపు నిలుచుచున్నవని ఆ లెక్కలు తెలిపినవి. అనగా సిద్ధాంతవేత్తలు చెప్పిన దీవి వట్టి కల్పన కాదు. శాస్త్రజ్ఞులు ఇంకను దాని నడిబొడ్డున కాలు మోపలేదు. తీరమును మాత్రము చూచిరి. 119వ మూలకమునకై జపాను మున్నగు దేశములలో ప్రయత్నములు సాగుచున్నవి. అది ఇంకను చేజిక్కలేదు.

టెన్నెస్సీన్ అను పేరులో ఏ మనుష్యుని పేరును లేదు. రియాక్టరును నడపినవారు, బెర్కీలియమును శుద్ధిచేసినవారు, రేకులపై పూసినవారు, యంత్రమును కాచినవారు, లెక్కలు కట్టినవారు – వీరిలో ఏ యొక్కరు లేకున్నను ఆ గడి నిండెడిది కాదు. పెద్దపనిలో తన వంతు పనిని లోపము లేకుండ చేయుటయే ఘనత. బంతివలె నున్న కేంద్రకమేదో, సాగిన కేంద్రకమేదో, మూడు ముక్కలుగా పగిలినదేదో, కిరణములను కొలిచి చెప్పుటకు ఒక జీవితకాలమును వెచ్చించిన రామయ్యగారు అట్టి ఘనత నందినవారు. విద్యార్థులు తమ తరగతి గదిలోని తక్కెడయందు తూచిన తూనికను ఉన్నదున్నట్లు పుస్తకమున వ్రాసిన దినముననే ఆ విద్యలో మొదటి పాఠము నేర్చినవారగుదురు.

ప్రశ్నలు

1. ఒక మూలకమును మరియొక మూలకమునుండి వేరుచేసి చెప్పు గుర్తు ఏది? ఉదాహరణముతో వివరింపుడు.
2. కేంద్రకము పెద్దదైనకొలది దాని నిలుకడ ఏల తగ్గును?
3. 114, 115, 116, 118 మూలకములు లభించినను 117వ మూలకము మిగిలిపోవుటకు కారణమేమి?
4. బెర్కీలియము విషయమున ప్రతి దినమును విలువైనదని ఎందుకు చెప్పబడినది?
5. కంటికి కనబడని ఆరు పరమాణువులను శాస్త్రజ్ఞులు ఎట్లు గుర్తించిరి?
6. 1999వ సంవత్సరమున జరిగిన సంఘటననుండి గ్రహింపదగిన నీతిని మీ సొంతమాటలలో పది పంక్తులలో వ్రాయుడు.